ఒడ్డు ముందు ఆగిన ఓడ

చిలికా, ఒడిశా
డిసెంబర్ 7

అక్కా,

వందనాలు. ఉత్తరం చూసి కంగారు పడొద్దు, నాకేం కాలేదు. ఇక్కడ ఫోను ఆదివారం పది నిమిషాలు ఇస్తారు. అందులో తొమ్మిది నిమిషాలు అమ్మకే చాలవు. ఏం తిన్నావు, మొన్నేం తిన్నావు, పప్పులో పులుపు వేస్తారా వెయ్యరా. పదో నిమిషంలో నీతో మాట్లాడదామంటే వెనక నిలబడ్డవాడు వీపు మీద పొడుస్తుంటాడు. అందుకని కాగితాలు కొన్నాను.

నౌకాదళంలో చేరినవాడికి మొదట నేర్పేది నేల మీద నడవడం. నెల రోజులుగా నడుస్తూనే ఉన్నాం. సముద్రం కనపడలేదు. పక్కన సరస్సు ఉంది, ఉప్పగానే ఉంది గానీ అల లేదు. అల చప్పుడు లేకుండా నిద్ర పట్టదని మైపాడులో ఉన్నన్నాళ్లూ నాకు తెలియనే తెలియదు.

అసలు సంగతికి వస్తాను. ఈతకొలనులో ఎత్తు మీది నుంచి దూకే పరీక్ష ఒకటి ఉంది. ఈత నాకు నీళ్లు తాగినంత సులువు, నీకు తెలుసు. కానీ ఆ పలక మీదికి ఎక్కి నిలబడితే కాళ్లు నావి కావు. పోయిన వారం ఎక్కి, నిలబడి, మెట్లు దిగి వచ్చేశాను. "ఏరా, సముద్రంలో పుట్టినోడివంట, తడవడానికి భయమా?" అని బ్యారక్ అంతా ఒకటే నవ్వు. ఇంకా రెండుసార్లు చాన్సు ఉంది. మూడోసారీ దూకకపోతే ఇంటికి పంపేస్తారని అంటున్నారు. పంపితే పంపనీ, నాయన పడవ ఉంది కదా అని ఒక మనసు. నాయనకి ఈ సంగతి మెల్లగా నువ్వే చెప్పు. అమ్మకి వద్దు.

నీతో ఒక పని ఉంది. నా కంప్యూటర్లో 'హోమ్‌వర్డ్ నైన్' ఆట చివరి అధ్యాయం మిగిలిపోయింది. నువ్వు వెనక కూర్చుని వెక్కిరించిన ఆటే. నాలుగు వేలమందిని నిద్రపుచ్చి మోసుకుపోతున్న ఓడ, నడిపేది కెప్టెన్ ఐరా. ఎనిమిది గ్రహాలు చూసింది, ఎక్కడా మనిషి బతకలేడు. తొమ్మిదోది కనిపించిన రోజే నాకు ఇక్కడికి రైలు. హాస్టల్ కంటే ఘోరంగా ఉంది ఇక్కడ, ఇంటర్నెట్టు లేదు. నా మీద దయుంచి అది పూర్తి చెయ్యి. పరుగెత్తలేక పడిపోయేటప్పుడల్లా ఆ ఓడ గురించే ఆలోచిస్తున్నాను. దిగిందా లేదా? అదొక్కటి రాయి.

నీ తమ్ముడు
హెబ్రోను


మైపాడు
జనవరి 3

ఒరే హెబ్రోనూ,

నీ ఉత్తరం పోస్టుమ్యాన్ నా చేతికి ఇవ్వకుండా, 'మీ పిల్లోడు ఉత్తరం రాసినాడు' అని వీధంతా చెప్పుకుంటూ వచ్చాడు. మన వీధిలో చివరిసారి ఉత్తరం వచ్చి ఎన్నేళ్లయిందో. పక్కింటి చెంచమ్మత్త అయితే ఎవరు పోయారోనని పరుగెత్తుకొచ్చింది.

ఇక్కడ అందరం బాగున్నాం. నా బడి నీకు తెలిసిందే. ఆరో తరగతి పిల్లలకు కంప్యూటరు పాఠమంటే మౌసు ఎవరు పట్టుకోవాలన్న తగవు. మూడేళ్లు డిగ్రీ చదివి, ఇరవైమంది పిల్లల్ని ఒక మౌసు చుట్టూ నిలబెట్టడం నేర్చుకున్నాను. నెల్లూరు బస్సు వెళ్తుంటే కిటికీలోంచి చూస్తాను. ఎక్కడికి వెళ్లాలో తెలియదు గానీ, వెళ్లాలని మాత్రం ఉంటుంది.

నీ ఆట పూర్తి చేశాను. బడికి పోయేలోపు రోజూ ఒక గంట. మొన్న ఉదయం ఆరింటికి అయిపోయింది. నాయన పక్కనే మంచం మీద కూర్చుని టీ తాగుతూ చూశాడు.

ఓడ దిగిందిరా. ఎంత బాగా దిగిందనుకున్నావు. గ్రహం మొత్తం నీలం. ఐరా నెమ్మదిగా దించుకుంటూ వచ్చి, ఒక్కో అల మీద తేల్చి, తీరానికి చేర్చింది. నిద్రలో ఉన్న నాలుగు వేలమందీ లేచారు. అందరూ దిగి, మోకులు కట్టి, పాట పాడుకుంటూ ఓడని ఇసుక మీదికి లాగారు. ముసలివాళ్లు కూడా చెయ్యేశారు. చిన్న పిల్లలు తడి ఇసుకలో పరుగెత్తారు. ఐరా అందరికంటే చివర దిగింది. అప్పుడు వాన మొదలైంది. అంతే.

ఆ పిల్లే అంత దూరం వెళ్లి దిగిందంటే, నువ్వు ఒక పలక మీది నుంచి దూకలేవా? రెండోసారికి దూకేస్తావు, చూడు.

నాయనకి నీ పరీక్ష సంగతి చెప్పాను. తలూపాడు. అమ్మ పంపిన రవ్వలడ్డూలు చేరాయా? నువ్వు తిన్నావా, నీ వెనక నిలబడి పొడిచేవాళ్లు తిన్నారా?

అక్క
ఎవాంజెలిన్


చిలికా
జనవరి 17

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజు బ్యారక్‌లో గట్టిగా చదివాను. ఈ ఆట సగం ఆడి వచ్చినవాళ్లు ఏడుగురున్నారు. ఓడ దిగిందనగానే చప్పట్లు కొట్టారు. ఒకడు ఈల వేశాడు. భీమిలి సుకుమార్ ఒక్కడే కొట్టలేదు.

సాయంత్రం గుడ్డలు ఉతుక్కునే చోట అడిగాడు: "మీ అక్క ఏ ఊరి ఆట ఆడింది రా? అంతరిక్షంలో తిరిగే ఓడని తాళ్లు కట్టి ఇసుక మీదికి లాగుతారా? కొబ్బరికాయ కూడా కొట్టారా?"

అప్పటిదాకా నాకు అనుమానమే రాలేదు. నువ్వు రాసింది చదివితే, మన పడవల్ని లాగినట్టు లాగడం నా కళ్ల ముందు కనిపించింది. ఓడంటే అట్లాగే ఒడ్డెక్కుతుందనుకున్నాను. లోహంతో చేసిన, ఊరంత ఓడ! ఎంత పిచ్చివాడిని. సుకుమార్ ఈ ఆట పూర్తిగా ఆడి వచ్చాడు. అసలు ముగింపు నాకు చెప్తానన్నాడు. వద్దన్నాను. అబద్ధం చెప్పిన మనిషే నిజం చెప్పాలి.

ఇంకొకటి. ఆ రాత్రి నీ ఉత్తరం మళ్లీ చదివాను. ఉదయం ఆరింటికి నాయన మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడని రాశావు. జనవరి నెలలో, పొద్దున ఆరింటికి, నాయన ఇంట్లో ఎందుకున్నాడు? ఆ వేళకి నాయన సముద్రంలో కాక ఇంకెక్కడ ఉంటాడు? నాలుగు ఆదివారాలుగా ఫోన్లో నాయన్ని అడిగితే "పడుకోనుండాడు నాయనా" అంటోంది అమ్మ. ఆట సంగతి అబద్ధమైతే 'అందరం బాగున్నాం' అన్నది కూడా అంతేనా?

రెండోసారీ దూకలేదు. నిలబడి దిగి వచ్చేశాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. అది ఇంకా బాధగా ఉంది. మూడోది ఫిబ్రవరి 21న. అంతవరకు ఆగకుండా, ఉండలేనని రాసిచ్చి వచ్చేద్దామనుకుంటున్నాను.

ఫోన్లో అడగను. నా వెనక పదిమంది, నీ పక్కన అమ్మ. కాగితం మీద చెప్పు. నన్ను ఏడవకుండా ఉంచడానికి రాసే ఉత్తరాలు నాకొద్దు.

హెబ్రోను


మైపాడు
జనవరి 26

తమ్ముడా,

జెండా పండగ అయిపోయి ఇప్పుడే ఇంటికి వచ్చాను. చాక్లెట్లు పంచిన చేతులు ఇంకా జిగటగా ఉన్నాయి. కడుక్కుంటే మళ్లీ రాయడం వాయిదా వేస్తానని ఇట్లాగే కూర్చున్నాను.

నాయన కుడి భుజం విరిగింది. డిసెంబర్ పదహారున. పడవ ఒడ్డుకి వస్తూ అలలు విరిగే చోట పక్కకి పడింది. ఎవరికీ ప్రాణాపాయం లేదు. పడవలో ఉన్న మునెయ్య మామకి మోకాలు చీరుకుపోయింది, అంతే. నాయన మీద పడవ అంచు పడింది. నెల్లూరులో ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. చెయ్యి ఇప్పుడు మెడకి కట్టి ఉంది. ఇంకో రెండు నెలలు సముద్రం మీదికి పోకూడదు. మెల్లగా వేళ్లు కదుపుతున్నాడు, నిన్న గ్లాసు పట్టుకున్నాడు. ఇది అబద్ధం కాదు. గ్లాసులో సగం మజ్జిగ నా మీద పోశాడు, అది కూడా అబద్ధం కాదు.

నీకు చెప్పొద్దన్నది నాయనే. "వాడు పైనుంచి దూకాల్సిన పిలకాయ. కింద నేను పడినానని చెప్తారా?" అన్నాడు. నేను సరేనన్నాను. ఒక అబద్ధం ఒప్పుకున్నాక రెండోది రాయడం ఎంత సులువో అప్పుడే తెలిసింది.

ఇక ఆట. నిజం రాస్తాను.

ఓడ దిగదు. గ్రహం ఎదురుగా కనిపిస్తుంది, కిటికీ నిండా నీలం. అక్కడ మీటలు మన చేతిలోంచి పోతాయి, ఏది నొక్కినా పనిచెయ్యదు. ఇంజను చప్పుడు తగ్గి తగ్గి ఆగిపోతుంది. ఐరా గ్రహం వైపు వీపు పెట్టి వెనక్కి తిరుగుతుంది. ఓడ వెనక ఉన్న చీకట్లోకి చూస్తూ నిలబడుతుంది. పెదాలు కదులుతాయి, మాట వినపడదు. తెర నల్లబడుతుంది. ఆట చేసినవాళ్ల పేర్లు వస్తాయి.

నేను కుర్చీలోంచి లేచి కంప్యూటర్ని తిట్టాను. తర్వాత ఇంటర్నెట్‌లో చూస్తే లోకమంతా నాలాగే తిడుతోంది. డెబ్బై గంటలు ఆడించి మోసం చేశారని కొందరు. ఇంధనం అయిపోయి అందరూ చచ్చిపోయారని కొందరు. చివరి నిమిషంలో ఆమెకి ధైర్యం చాలలేదని కొందరు. పెదాలు కదిలింది ప్రార్థన అని, చనిపోయినవాళ్ల పేర్లని, వందల పేజీల తగవు. నాకు ధైర్యం చాలలేదనే అనిపించింది. అది నీకు ఎట్లా రాయను? పలక మీద నిలబడి దిగి వచ్చినవాడికి? అందుకని నేనే ఓడ దించాను. నాకు తెలిసిన ఒడ్డు ఒకటే, దిగడం అంటే నాకు తెలిసింది ఒకటే. మోకులు కూడా కట్టేశాను. బీచికి వచ్చినవాళ్లకి మన లాగుడు చూపించి డబ్బా కొట్టుకునే నేను, అంతరిక్షానికి కూడా అదే చూపించాను. నవ్వుకో, నవ్వే విషయమే.

నీ ఉత్తరం నాయనకి మొత్తం చదివి వినిపించాను. దాచలేదు.  తర్వాత, "ఆ ఆట ఆఖరిది మళ్లా వెయ్యి," అన్నాడు.

"అది ఇంగ్లీషు నాయనా, నీకు తెలీదు."

"ఆఖర్న మాటల్లేవని నువ్వే అంటివి కదే. మాటల్లేందానికి ఇంగ్లీషేంది?"

అప్పుడే మునెయ్య మామ కూరకి చేపలు తెచ్చాడు. ఆయన కూడా చేప వాసనతోనే వచ్చి మంచం మీద కూర్చున్నాడు. వేశాను. నాయన తెరకి అంత దగ్గరగా వంగాడు.

"ఆమె ఎటు చూస్తాండాది?"

"వెనక్కి."

"అయితే?"

"అదే కదా గొడవంతా! ఇల్లు ఎదురుగా పెట్టుకుని వెనక్కి తిరిగిందని లోకమంతా తిడతాండాది."

నాయన నా వైపు చూసిన చూపు నువ్వు చూడాల్సింది. "ఏందే, ఈ లోకంలో పడవ ఎక్కినోడు ఒక్కడూ లేడా? వెనక్కి చూడకుండా ఒడ్డెక్కేది ఎవడే?"

హెబ్రోనూ, ఇది మనం రోజూ చూసేదే. పడవ అలలు విరిగే చోటికి అవతలే ఆగుతుంది. బీచికి వచ్చినవాళ్లు 'ఇంజను చెడిపోయిందా పాపం' అని అడుగుతారు. ఇంజను దగ్గర కూర్చున్న మనిషి ఒడ్డు వైపు చూడనే చూడడు. వెనక నుంచి వచ్చే అలలు చూస్తాడు. పెద్దవి పోనిచ్చి, సందు దొరికాక ఒక్క పరుగు. ఇదంతా చూస్తూ పెరిగిన నేను ఇంటర్నెట్‌లో అర్థం వెతుక్కున్నాను.

"ఆ పెదాలు కూడా అంతేన్నా," అన్నాడు మునెయ్య మామ. "అలలు లెక్కపెడతాండాది. కానీ ఇంజను ఆపకూడదు. తగ్గించాల. ఆపితే పక్కకి తిరిగిపోతాది."

"తగ్గించిందిలేరా."

"చప్పుడు లేదే?"

"అంత పెద్ద ఓడకి మన ఇంజను మాదిరి కొట్టుకుంటాదా? నీకు చెవుడు."

"నాకా చెవుడు? నువ్వు పిలిస్తే ఊరంతా పలకతాది, నేను పలకనా?"

ఇద్దరూ కాసేపు కొట్టుకున్నారు. ఆట చేసినవాళ్లు ఇదే అనుకున్నారో లేదో నాకు తెలియదు. అంతరిక్షంలో అలలు లేవు. అయినా నాకు మొదటిసారి ఐరా మీద కోపం పోయింది.

అప్పుడు నాయన తెర వైపే చూస్తూ, "ఆ పొద్దు నేను చూడలా," అన్నాడు.

అమ్మ చాట పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "ఏంది చూడలా?"

"వెనక్కి చూడలా రెబెక్కా. ఒడ్డున చేపలెత్తుకునే ఐసు బండి కదలతా కనపడింది. అది వెళ్లిపోతే సరుకు ఏమైతాదోనని, దాన్నే చూస్తా తోలేసినా. ఎక్కడి నుంచో దొంగ అల వచ్చిందని అందరికీ చెప్పినా. దొంగ అల కాదు. మామూలుదే."

మునెయ్య మామ మోకాలు నిమురుకున్నాడు. "నాకు తెలుసులే అన్నా."

"తెలిసి చెప్పలేదా?"

"నువ్వే చెప్తావులే అని."

అమ్మ చాట కింద పెట్టి వచ్చి నాయన కట్టు సర్దింది, అది సరిగ్గానే ఉన్నా.

నాయన నీకు చెప్పమన్న మాట ఇది, అన్నట్టే రాస్తున్నా: "ఆగితే తప్పులేదని చెప్పు. నేను ఆగక పడినా. కానీ ఆగినోడు కళ్లు తెరుచుకోని ఉండాల. కళ్లు మూసుకోని నిలబడితే అది ఆగడం కాదు. దూకినా సరే, వచ్చేసినా సరే, చూసి చెయ్యమను."

రాసిచ్చేస్తావో ఉంటావో నీ ఇష్టం. నేను మాత్రం ఇంకెప్పుడూ నీ కోసం ఓడలు దించను. నా అబద్ధం పట్టుకున్నందుకు థాంక్స్ రా. నిజంగా.

అక్క


చిలికా
ఫిబ్రవరి 5

అక్కా,

ఉత్తరం చదివి ఏడ్చాను. ఏడవకుండా ఉంచే ఉత్తరం వద్దన్నాను కదా, మాట నిలబెట్టుకున్నావు.

నాయన భుజం గురించి ముందు కోపం వచ్చింది. తర్వాత నాయన ఐసు బండి మాట చదివాను. నాయన 'నాదే తప్పు' అనడం నా జన్మలో వినలేదు. అది నా కోసం అన్నాడని తెలుసు. ఆ కాగితం ముక్క మడిచి, ట్రంకు పెట్టెలో అడుగున పెట్టాను.

నాయన చెప్పిన అర్థం సుకుమార్‌కి చెప్పాను. వాడు వెంటనే ఒప్పుకోలేదు. "అంతరిక్షంలో అలలెక్కడివి రా?" అన్నాడు. మర్నాడు కవాతులో నా పక్కన నడుస్తూ, పెదాలు కదపకుండా, "కానీ గాలి పొర ఉంటుంది కదా. అందులోకి సరైన సమయంలో, సరైన కోణంలో దిగకపోతే ఓడ కాలిపోతుంది. వేచి ఉండాల్సిందే," అన్నాడు. ఇద్దరికీ అదనంగా మూడు చుట్లు పరుగు శిక్ష పడింది. పరుగెత్తుతూ కూడా అదే మాట్లాడుకున్నాం. ఇప్పుడు బ్యారక్‌లో సగంమంది మైపాడు పార్టీ, సగంమంది 'అందరూ చచ్చారు' పార్టీ. మన నాయన్ని ఆట కంపెనీకి ఉత్తరం రాయమంటున్నారు.

నేను కూడా దాచింది ఒకటుంది. నాకు ఎత్తు భయం కాదు. కొబ్బరిచెట్టు మీద నుంచి కాలవలోకి దూకినవాణ్ణి. ఆ పలక మీద నిలబడ్డప్పుడు కళ్లు మూసుకుంటాను. మూసుకుంటే మన పడవ కనిపిస్తుంది. దూకితే ఇక్కడ ఉండిపోతాను. ఉండిపోతే నాయన తర్వాత ఆ పడవకి మనిషి లేడు. దూకడం అంటే నాకు అదీ. ఇప్పుడు నాయన చెయ్యి అట్లా ఉందంటే ఇంకా ఎట్లా దూకను? నేను రావాలా? నాయన్ని సూటిగా అడిగి రాయి. ఆయన మొహం చూసి నువ్వు ఊహించి రాయొద్దు. నోటితో అన్నదే రాయి.

తమ్ముడు


మైపాడు
ఫిబ్రవరి 12

అబ్బయ్య హెబ్రోనుకు తిమోతి నాయన వందనాలు చెప్పి రాయించేది.

(నాయన చెప్తున్నాడు, నేను రాస్తున్నాను. మధ్యలో కలుగజేసుకోవద్దని నా మీద ఆంక్ష. ఎవా.)

నువ్వు అడిగినదానికి జవాబు. నువ్వు వస్తే నాకు సంతోషం. పండక్కి పొట్టేలు కోసినంత సంతోషం. అది అబద్ధం చెప్పను. కానీ నా భుజం కోసం రావద్దు. భుజం ఎముక, అతుక్కుంటాది. ఏప్రిల్లో సర్కారోళ్లు వేట ఆపేస్తారు, రెండు నెలలు అందరూ ఒడ్డునే. అప్పటికి నేను లేచి కూర్చుంటా. అప్పటిదాకా మునెయ్య తోలతాండాడు. నాకంటే బాగా తోలతాండాడు, ఆ మాట వాడికి చెప్పబాకండి.

(మామ ఇక్కడే ఉన్నాడు, విన్నాడు.)

పడవకి మనిషి కావాలని నిన్ను కనలేదు. పడవ అక్కరలేదు అనిపించిన రోజు అమ్మేస్తాం. నీకు సముద్రం మీద ఉండాలని ఉంటే ఏ ఓడ మీదైనా ఉండు. నా పడవ మీదే ఉండాలని నేనెప్పుడైనా అన్నానా? అనలేదు. కానీ వద్దని కూడా అనలేదు, అది నా తప్పు. ఇప్పుడంటాండా.

నువ్వు అడిగినందుకు మేలు. మీ తాతని నేనెప్పుడూ అడగలా. అడిగుంటే ఏం చెప్పేవాడో.

(ఇక్కడ నాయన లేచి బయటికి వెళ్లాడు. ఉత్తరం అయిపోయినట్టే. మొహం చూసి ఏమీ రాయొద్దన్నావు కాబట్టి రాయడం లేదు. ఎ.)


చిలికా
ఫిబ్రవరి 21, సాయంత్రం

అక్కా, నాయనా, అమ్మా,

రేపు ఫోన్లో చెప్తాను, ఈ ఉత్తరం చేరేలోపు మీకు తెలిసిపోయి ఉంటుంది. అయినా వేడి మీద రాయాలనిపించింది.

దూకినాను.

బాగా దూకలేదు. కాళ్లు విడిపోయాయి, నీళ్లు చెంప మీద కొట్టినట్టు కొట్టాయి, ముక్కులోంచి సగం కొలను లోపలికి పోయింది. కానీ దూకినాను.

పైన నిలబడ్డాక వెంటనే దూకలేదు. మా శిక్షకుడు కింద నుంచి అరుస్తూనే ఉన్నాడు. ఈసారి కళ్లు మూసుకోకుండా చూశాను. చూస్తే ఏముంది? నీలం టైల్సు, నల్ల గీతలు, ఒక మూల తేలుతున్న ఎవరిదో చెప్పు. ఒక్క అల కూడా రావడం లేదు. మొదటి రెండుసార్లూ కళ్లు మూసుకుని నేను చూసిందేదీ అక్కడ లేదు. అది తెలిశాక కాళ్లు వాటంతట అవే కదిలాయి.

పైకి తేలినప్పుడు సుకుమార్ గట్టు మీద నుంచి, "తాళ్లు తీసుకురండిరా, ఓడని లాగాలి!" అని అరిచాడు. మొత్తం బ్యారక్ వచ్చి చేతులు పట్టుకుని నిజంగానే లాగారు. శిక్షకుడికి అర్థం కాక, నవ్వాలో శిక్షించాలో తెలియక వెళ్లిపోయాడు.

నాయనా, నీ ఉత్తరం అందింది. నాకు ఓడల మీద ఉండాలనే ఉంది. ఆ మాట నీతో అనడానికి ఇంత దూరం రావాల్సి వచ్చింది. నువ్వు విన్నందుకు... ఏం రాయాలో తెలియడం లేదు. నీ చెయ్యి బాగయ్యాక నన్ను ఒకటి కొట్టు, సరిపోతుంది.

అక్కా, నువ్వు అబద్ధం రాసినందుకు మొదట చాలా కోపం వచ్చింది. కానీ ఆ అబద్ధంలో నువ్వు ముసలివాళ్ల చేత కూడా చెయ్యి వేయించావు. అది నేను మర్చిపోను.

మీ
హెబ్రోను


మైపాడు
మార్చి 4

తమ్ముడా,

నిన్న ఇంట్లో కృతజ్ఞతా ప్రార్థన కూడిక పెట్టాం. అమ్మ మొక్కుకుందట, మనలో ఎవరికీ చెప్పకుండా. నీ పరీక్ష సంగతి కూడా ఆమెకి మొదటి నుంచీ తెలుసు. నీ మొదటి ఉత్తరం నా దిండు కింద నుంచి తీసి చదివేసిందట. మనం ఆమె దగ్గర దాస్తున్నామని ఆమె మన దగ్గర దాచింది. ఈ ఇంట్లో దాచడం రానిది మునెయ్య మామ ఒక్కడికే అనుకున్నాను, ఆయన కూడా నెలకి పైగా దాచాడు!

పాస్టరు గారు, "తిమోతి గారు దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్తారు," అన్నారు. నాయన ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా సాక్ష్యం చెప్పలేదు, నీకు తెలుసు. చెయ్యి మెడకి కట్టుకుని లేచాడు. "ఆకాశంలో ఒక ఆడకూతురు ఓడ నడపతాంది," అని మొదలుపెట్టాడు. పాస్టరు గారు బైబిల్లో అది ఎక్కడుందా అని పేజీలు తిప్పడం నేను చూశాను. నాయన ఆగలేదు. ఐసు బండి సంగతి, దొంగ అల అబద్ధం, మునెయ్య మోకాలు, అన్నీ అందరి ముందూ చెప్పాడు. "నా బిడ్డ నిజం అడిగినాడు. నా ఇంకో బిడ్డ నిజం రాసింది. అది లేకుంటే నేను ఈ అబద్ధంతోనే పోయేవాణ్ణి. అందుకు దేవునికి స్తోత్రం," అని కూర్చున్నాడు. ఎవరూ ఆమెన్ అనకముందే వెనక నుంచి చెంచమ్మత్త, "ఇంతకీ ఆ పిల్ల దిగిందా లేదా?" అంది.

నాయన నా వైపు చూశాడు. నేను లేచి, "తెలీదత్తా. ఎప్పుడు దిగాలో ఆమెకి తెలుసు," అన్నాను. మళ్లీ అబద్ధం చెప్పానా? నాకైతే అనిపించలేదు.

నీకు ఒక సంగతి. చెన్నైలో ఆటలకి తెలుగు మాటలు రాసే చిన్న కంపెనీకి అప్లికేషన్ పంపాను. 'ఒక ఆట ముగింపు మీ మాటల్లో రాయండి' అన్నారు. నాయన, మునెయ్య మామ కొట్టుకున్నది కొట్టుకున్నట్టు రాసి పంపాను. ఇంటర్వ్యూకి పిలిచారు. వస్తుందో రాదో తెలియదు. ఎక్కడికి వెళ్లాలో తెలియకుండా బస్సులు చూసిన నాకు, ఒక బస్సు నంబరైనా దొరికింది. నువ్వు ఆట పూర్తి చెయ్యమని అడక్కపోతే ఇది లేదు. నీ రుణం మాటలతో తీరదు కాబట్టి తీర్చే ప్రయత్నం చెయ్యను.

మీ శిక్షణ ముగిసే రోజు కవాతుకి నలుగురం వస్తున్నాం. నలుగురు ఎట్లా అంటావా, మునెయ్య మామ కూడా. ఆయన ఒక రోజు వేట మానుకోవడం నేను పుట్టాక ఇదే మొదలు. నాయన తెల్ల చొక్కా కుడి చెయ్యి కుట్లు విప్పి, కట్టు పట్టేలా అమ్మ మళ్లీ కుడుతోంది. మేం గుంపులో ఎక్కడ ఉన్నామో నీకు కనపడకపోవచ్చు. నువ్వు నడిచేటప్పుడు ఎటూ చూడకు, నేరుగా ముందుకి చూడు, లేకపోతే మళ్లీ మూడు చుట్లు పరుగెత్తిస్తారు. చూడటం మా పని. మేం చూస్తాం.

అక్క
ఎవాంజెలిన్